ఆదిశేషమ్మ గాజులు

పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, అది తెర్లి కిందికి దించేలోపల పుస్తకం ఒకటి రాసి పక్కన పెట్టే ఆడమనిషి ఈ నెల్లూరు సముద్రం పొడుగునా ఒక్కతే ఉంది. పేరు సామ్రాజ్యం. బోగోలు మండలంలో ఇసకకీ ఉప్పుగాలికీ మధ్య ఇరుక్కున్న మా పాళెంలో, ప్రార్థనా మందిరం వెనక రెండు గదుల ఇంట్లో ఉంటుంది. నేను నా కళ్ళతో చూశాను. ఎడమచేత గరిటె, కుడిచేత పెన్ను. చింతపండు రసం పోసేటప్పటికి ముందుమాట, మామిడికాయ ముక్కలు వేసేటప్పటికి సగం పుస్తకం, వంజరం ముక్కలు ఉడికేటప్పటికి ఆఖరి పేజీ. నమ్మనివాళ్ళు రావచ్చు. చూపిస్తుంది, అన్నం కూడా పెడుతుంది. అన్నం పెట్టకుండా ఎవరినీ పంపే అధికారం ఆమెకు లేదు.

ఈ కథ మొదలైన రోజు కూడా పులుసే. నూనె కాగింది, ఆవాలు వేసింది, అవి ఇంకా చిట్లుతున్నాయి.

"సామ్రాజ్యం, వాక్యం చెప్తుండా. పోపు ఆపు," అని ముందుగదిలోంచి మాట వచ్చింది.

ఆ మాట ఆమె భర్త సమాధానం గారిది. మందిరానికి అయ్యగారు ఆయనే. ప్రసంగాలు ఫోనులో వీడియో తీసి జనానికి వదులుతుంటాడు. పైన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కింద లుంగీ. ఫోనులో లుంగీ కనపడదు గనక ఆ ఏర్పాటు. లుంగీ కనపడదు గానీ పోపు వినపడుతుంది, అదే చిక్కు. ఒకసారి ప్రసంగం మధ్యలో ఎండుమిరపకాయలు చుయ్యిమంటే, ఎక్కడో దూరదేశంలో కూర్చుని చూస్తున్న విశ్వాసి ఒకడు అది పైనుంచి దిగిన అగ్ని అనుకుని కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద పడ్డాడట. అప్పటినుంచి వాక్యం జరిగేటప్పుడు ఆ ఇంట్లో పొయ్యి ఆగాలి.

సామ్రాజ్యం పొయ్యి ఆపింది. గరిటె పైకి పట్టుకుని, సగం చిట్లిన ఆవాల ముందు నిలబడింది. ఆ రోజు వాక్యం గుణవతి అయిన ఇల్లాలి గురించి. ఆమె తెల్లవారకముందే లేస్తుందని, తన ఇంటివారికి భోజనం సిద్ధం చేస్తుందని ఆయన చెబుతున్నాడు. ఆ భోజనం ఆయన గొంతు ఆగితే తప్ప సిద్ధం కాదన్న సంగతి సామ్రాజ్యానికి తోచింది, నవ్వు వచ్చింది, ఆ నవ్వు కూడా వీడియోలోకి పోతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకుంది. రేపు ఈ ప్రసంగాన్నే మళ్ళీ వినాలి. ఆగి ఆగి వింటూ కాగితం మీద పెట్టాలి. ఆయన సగంలో వదిలేసిన వాక్యాలకు తోకలు పెట్టాలి, రెండుసార్లు చెప్పినవి ఒకసారికి కుదించాలి, మరిచిపోయిన ఉదాహరణకు బదులు తనకు తెలిసినది ఒకటి అతికించాలి. అప్పుడది పుస్తకం అవుతుంది. అట్ట మీద ఆయన ఫొటో వస్తుంది. లోపల ముందుమాటలో ఎప్పుడూ ఒకటే వాక్యం ఉంటుంది, ఈ పుస్తకం వెనుక నా సహధర్మచారిణి ప్రార్థనలు ఉన్నవి అని. ప్రార్థనలు ఉన్నమాట నిజమే. వాటితోబాటు అక్షరాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఆ మాట మెల్లగా అని చూసింది. ఆయన కోప్పడలేదు, ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. "మాట దేవుడిది, గొంతు నాది. మధ్యలో నీదేం ఉండాది చెప్పు, రాత తప్ప?"

ఆ రాత కోసమే ఆమెను ఆ ఇంటి కోడల్ని చేసుకున్నారని పాళెంలో అందరికీ తెలుసు. సమాధానం గారి తండ్రి, ఈ మందిరాన్ని తాటాకు పాకగా మొదలుపెట్టిన పెద్దయ్యగారు, బడిలో ఆమె చేతిరాత చూసి ముచ్చటపడ్డారు. కట్నం వద్దన్నారు, నగలు ఎట్లాగూ వద్దు, రాత చాలన్నారు. కొత్తకోడలు వచ్చిన మర్నాటినుంచి ఆయన చెప్పడం, ఆమె రాయడం. అత్తగారు మంచిదే, తిట్టేది కాదు. వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతూ అనేది, "మన ఆడోళ్ళకి గాజులు లేకపోడం ఒకందుకు మేలే మేయ్. రాసేటప్పుడు అడ్డం రావు." ఆ మందిరంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు గాజులు, పూలు, బొట్టు పెట్టుకోరు. అది వాళ్ళ నియమం.

ఇంటి రాత కాక ఊరి రాత ఒకటి ఉంది. మందిరంలో ఎవరు పోయినా పెట్టె మూసేముందు పోయినవాళ్ళ జీవిత సంగ్రహం చదవాలి. అది రాసేది సామ్రాజ్యమే. ఒక పక్క ఏడుపులు, ఒక పక్క పెట్టె ఎప్పుడు వస్తుందో అన్న ఆరాటం, ఆమె ఒక మూల కూర్చుని ఎవరెప్పుడు పుట్టారో అడిగి రాస్తుంటుంది. మగవాళ్ళకు రాయడానికి పనులుంటాయి. ఆడవాళ్ళు అందరూ ఒకటే. ప్రార్థనాపరురాలు, అతిథులను ఆదరించినది, భర్తకు లోబడి నడిచినది. పేరు మారితే చాలు, ఒకరిది ఇంకొకరికి సరిపోతుంది. ముసలమ్మ అని ఒకామె పోయినప్పుడు మాత్రం సామ్రాజ్యం ఒక వాక్యం ఎక్కువ రాసింది. ఆమె నలభయ్యో ఏట సైకిలు నేర్చుకుని కావలిదాకా తొక్కి చేపలమ్మిన సంగతి. కొడుకు పెంచల్ అది చూసి తల గోక్కున్నాడు. "పోయినామెకి సైకిలెందుకులే అక్కా, నలుగురూ నవ్వుతారు," అన్నాడు. సామ్రాజ్యం ఆ వాక్యం కొట్టేసింది. ముసలమ్మ ప్రార్థనాపరురాలిగా గుంటలోకి దిగింది.

అన్నీ అట్లాగే సాగేవి, తన తల్లి పోకపోయి ఉంటే. తల్లి పేరు ఆదిశేషమ్మ. ఆమెకు కూడా జీవిత సంగ్రహం సామ్రాజ్యమే రాసింది. కళ్ళు కనపడని ఏడుపులో చెయ్యి దానంతటది పోయింది. పెట్టె పక్కన సమాధానం గారు చదువుతుంటే విన్నది. ప్రార్థనాపరురాలు. అతిథులను ఆదరించినది. భర్తకు లోబడి నడిచినది. ఆ మూడో ముక్క దగ్గర సామ్రాజ్యానికి ఏడుపు ఆగిపోయింది. ఏ భర్తకు? తాను పలకాబలపం పట్టకముందే సముద్రంలో కలిసిపోయిన మనిషికి ఆమె ఎప్పుడు లోబడింది, ఎక్కడ నడిచింది? ఇంతమంది ఆడవాళ్ళను ఒకే అచ్చులో పోసి పంపాను, చివరికి అమ్మను కూడా అదే అచ్చులో పోశాను, అనుకుంది. అప్పుడు మొదలైంది ఆమె సొంత పుస్తకం. అమ్మ సంగతి, అమ్మమ్మ సంగతి, ఆ కుటుంబం పడవల నుంచి మందిరానికి ఎట్లా వచ్చిందో ఆ సంగతి, జరిగింది జరిగినట్టు.

ఇక్కడ పులుసు సంగతి కొంచెం సవరించుకోవాలి. పులుసు తెర్లేలోపల పుస్తకం అన్నాను గదా. అంత లేదు. పులుసు తెర్లేలోపల రెండు వాక్యాలు. మూడోది మొదలుపెట్టిన రోజు పులుసు అడుగంటేది. కూతురు రోజా పదో తరగతిలో ఉన్నప్పుడు మొదలైన పుస్తకం, రోజాకు పెళ్ళయి, నెల్లూరులో కాపురం పెట్టి, ఆమె కొడుకు నడక నేర్చేటప్పటికి ముగిసింది. పెన్నూ గరిటే రెండుచేతులా పట్టుకోవడం కూడా నేను చూడలేదు. చేపలు తోమిన చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, మళ్ళీ వాసన చూసుకుని అప్పుడు రాసేది. మందిరం క్యాలెండరు పాత కాగితాల వెనక రాసేది. ముందువైపు సమాధానం గారు నవ్వుతూ ఉంటాడు, వెనకవైపు ఆదిశేషమ్మ పరుగెత్తుతూ ఉంటుంది.

పరుగు అంటే మామూలు పరుగు కాదు. అది చెప్పకుండా ముందుకు పోలేము.

ఆదిశేషమ్మ మొగుడు వేటకు పోయిన తెప్ప ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. రోజులు చూశారు. శవం దొరకకపోయినా కార్యం జరగాల్సిందేనని కుల పెద్దలు ఒక రోజు పెట్టారు. ఆ రోజు ఆడవాళ్ళు ఆమెకు పసుపు నీళ్ళు పోశారు, తల నిండా పూలు పెట్టారు, ముంజేతులనుంచి మోచేతులదాకా కొత్త ఆకుపచ్చ గాజులు తొడిగారు. అన్నీ పెట్టేది అన్నీ తీయడానికి. సముద్రం ఒడ్డున రాయి సిద్ధంగా ఉంది. కొంగు పట్టుకుని వెంట నడుస్తున్న సామ్రాజ్యానికి అమ్మ అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు, పెళ్ళికి పోతున్నామనుకుంది. రాయి దగ్గర కూర్చోమన్నప్పుడు ఆదిశేషమ్మ ఆ రాయిని చూసింది, సముద్రాన్ని చూసింది. "మడిసిని చూపియ్యండి. అప్పుడు పగలగొట్టండి," అంది. లేచి పరుగెత్తింది. రెండు చేతుల గాజులతో ఇసకలో పరుగు. ఆ గలగల బిట్రగుంట స్టేషనులో గార్డుకు వినపడి రైలు ఆపాడని మా వాళ్ళు చెప్పుకుంటారు. నేను నమ్మను, ఆ గార్డుకు చెవుడు.

ఊరి చివర తాటాకు పాకలో పెద్దయ్యగారు నలుగురిని పెట్టుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆదిశేషమ్మ అందులో దూరి గుంజను కౌగిలించుకుంది. వెనకాల పాళెమంతా వచ్చింది. పెద్దయ్యగారు అప్పుడు బక్కపలచటి కుర్రమనిషి, ఉఫ్‌మంటే ఎగిరిపోయేటట్టు ఉండేవాడు. వాకిట్లోకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఈమె మీద చెయ్యెయ్యాలంటే ముందు నా మీద వెయ్యండి," అన్నాడు. కాసేపు అరిచి జనం వెళ్ళిపోయారు. ఆదిశేషమ్మ గుంజ వదలకుండా అట్లాగే కూర్చుని చేతులు చూసుకుంది. ఒక్క గాజు కూడా పోలేదు.

ఆ పాకలో ఉన్న ఆడవాళ్ళ చేతులకు గాజులు లేవన్న సంగతి మాత్రం ఆమె చూడలేదు. పరుగెత్తి వచ్చిన మనిషి అవన్నీ ఎక్కడ చూస్తుంది?

తర్వాతి ఆదివారం అదే ఒడ్డున ఆమెకు బాప్తిస్మం. ముందుగా పెద్దయ్యగారి భార్య ఆమెను ఇసకలో కూర్చోబెట్టుకుని, మెల్లగా పాట పాడుతూ, చేతులకు సబ్బు రాసి ఒక్కొక్క గాజూ జార్చి తీసింది. సబ్బు పెట్టిన కొబ్బరిచిప్ప సామ్రాజ్యం పట్టుకుని నిలబడింది. బిగుసుకున్న రెంటిని గుడ్డలో చుట్టి నొక్కారు, చెయ్యి తెగకుండా. ఆదిశేషమ్మ ఈసారి పరుగెత్తలేదు. పరుగెత్తడానికి ఇంకో పాక లేదు. తర్వాత బతికినంతకాలం ఆ మందిరం ఊడ్చింది. ఊడ్చేటప్పుడు మధ్యమధ్య ముంజెయ్యి విదిలించేది, కిందికి జారిన గాజుల్ని పైకి తోసుకున్నట్టు. కూతురు అడిగితే నవ్వి చెప్పేది. "వాళ్ళయితే రాయితో పగలగొట్టేవాళ్ళు. వీళ్ళు సబ్బు రాసి తీసినారు. ఆ మాత్రం మర్యాద ఉండాది మేయ్ వీళ్ళకి."

ఈ మాటతో సహా సామ్రాజ్యం రాసింది. అంతా కలిపి నాలుగు పేజీలు. పుస్తకం మొత్తంలో ఆమె మళ్ళీ మళ్ళీ తిరగరాసింది ఆ నాలుగే. ఎవరి మీదా కోపంతో రాయలేదు. పెద్దయ్యగారు వాకిట్లో నిలబడింది ఎంత గొప్పగా రాసిందంటే, కన్నకొడుకు కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. సబ్బు సంగతి కూడా అంతే నిదానంగా రాసింది. రెండూ పక్కపక్కన ఉంటేనే అమ్మ ఉంటుంది, ఒకటి తీస్తే అమ్మ లేదు, అని ఆమెకు తెలుసు.

మందిరానికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయని, పండగకు పుస్తకం ఒకటి వేస్తే బాగుంటుందని, తొలినాళ్ళ విశ్వాసి కూతురి పేరు మీద వేస్తే ఇంకా బాగుంటుందని సమాధానం గారే అన్నాడు. క్యాలెండరు కాగితాలన్నీ కావలిలో కంపోజింగు చేసే రేవతికి చేరాయి. సామ్రాజ్యం అట్ట నమూనా చూసింది. దాని మీద తన పేరు. పెళ్ళి శుభలేఖ తర్వాత తన పేరు అచ్చులో చూడటం అదే. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద ఆనించి రోజంతా పని చేసుకుంది.

ఆ రోజు పోపు ఆపుకుని నిలబడ్డప్పుడు మోగింది ఫోను. రేవతి. సామ్రాజ్యం పెరట్లోకి పోయి మాట్లాడింది.

"అక్కా, గాజుల పేజీలు అయ్యగారు మార్చమన్నారు గదా, మార్చినా. ఒకసారి చదువుతా, చూసుకో," అని రేవతి చదివింది. "క్రీస్తు ప్రేమను రుచి చూచిన ఆదిశేషమ్మ లోకసంబంధమైన అలంకారములను అసహ్యించుకొని, తన యిష్టపూర్వకముగా గాజులు తీసి ప్రభువు పాదముల చెంత నుంచెను."

సామ్రాజ్యం మళ్ళీ ఒకసారి చదవమంది.

"నీకు తెలీదా అక్కా?" అంది రేవతి. గొంతు తగ్గించింది. "నువ్వు రాసింది నా దగ్గరే ఉండాది. నువ్వు ఊఁ అను, పాతదే పెట్టి ప్రెస్సుకి పంపించేస్తా. అయ్యగారు చూసేది అచ్చయినాక గదా. సాయంత్రంలోపల చెప్పు."

మధ్యాహ్నం అన్నాల దగ్గర సామ్రాజ్యం అడిగింది.

"గాజుల పేజీ మార్చమన్నారంట."

"మార్చలా. సరిజేసినా," అన్నాడు సమాధానం గారు చేపముక్కలో ముల్లు తీస్తూ.

"జరిగింది అట్ట కాదు గదా."

"నువ్వు అప్పుడు ఎంత పిల్లవి. నీకేం గెవనం ఉంటాది."

"సబ్బుచిప్ప నేనే పట్టుకొనుండా."

"సరే, పట్టుకొనుండావు. ఇప్పుడు అది ఊరంతా చదవాలా? బయటినుంచి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు, మనం కూడా వాళ్ళ మాదిరే చేసినామనుకోరా? మా నాయన ఆ రోజు అడ్డం నిలబడకుంటే మీ అమ్మ ఏమయ్యుండేది?"

"అది కూడా రాసినా."

"ఆ ముక్క బాగుండాది. దాన్ని ముట్టుకోలేదు గదా నేను."

సామ్రాజ్యం ఆయన పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. "అయితే ఆ నాలుగు పేజీలు పూర్తిగా తీసెయ్యండి."

"తీసేస్తే మందిరం ఎట్ట పుట్టిందో ఎవరికి తెలుస్తాది?"

"పోనీ, నా పేరు తీసెయ్యండి."

ఆయన తినడం ఆపి ఆమె వంక చూశాడు. కోపం కాదు, చిన్నపిల్ల ఏదో తెలియక అడిగినట్టు చూశాడు. "నీ పేరు తీస్తే ఎవురు నమ్ముతారే? కన్నకూతురు చెప్తేనే గదా అది సాక్ష్యం," అన్నాడు. తర్వాత, "పులుసులో ఉప్పు తగ్గింది," అన్నాడు.

పళ్ళేలు కడుగుతూ ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళూ తను రాసినవాటికి తన పేరు అక్కరలేదు. తను రాయని ఈ ఒక్క వాక్యానికి తన పేరు కావాలి. అబద్ధానికి సంతకం పెట్టడానికి మాత్రం మనిషి నిజమైనదై ఉండాలి కాబోలు. ఎన్ని సైకిళ్ళు కొట్టేశాను నేను, అనుకుంది. పెంచల్ అడగ్గానే ఒక్క గీతతో. ముసలమ్మ పెట్టెలోంచి లేచి, అది నా సైకిలే మేయ్, అనగలదా? ఇప్పుడు గీత తన మీదికి వచ్చింది. అది మీద పడితే ఎట్లా ఉంటుందో ఆ పోయిన ఆడవాళ్ళందరికీ ముందే తెలిసి ఉంటుంది. రేవతి మాట గుర్తొచ్చింది. ఊఁ అంటే చాలు. ఒక్క అక్షరం. తర్వాత ఏమవుతుంది? ఆయన అరవడు, నాలుగు రోజులు మాట్లాడడు. మందిరం క్యాలెండర్లు, కరపత్రాలు ఇంక రేవతికి రావు. ఆ పిల్ల బతికేది వాటి మీదే. ఆ పిల్ల అన్నీ తెలిసే అడిగింది. నాకంటే ఆ పిల్లకే ధైర్యం, అనుకుంది.

రోజాకు ఫోన్ చేసింది. రోజా అంతా విని, "అమ్మా, నాన్నకి పేరొచ్చే రోజు అది. ఎప్పటివో గాజుల కోసం రచ్చ చేసుకుంటారా ఎవురన్నా? అమ్మమ్మ పోయింది, ఆమెకేం తెలుస్తాది," అంది. వెనకాల పిల్లవాడు ఏడుస్తున్నాడు. "కుక్కర్ దించాల, మళ్ళీ చేస్తా," అని పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. చేయదని సామ్రాజ్యానికి తెలుసు, ఆమె కూడా కుక్కర్ దించే మనిషే గదా.

సరే, నేనే చెబుతాను, ఊఁ అంటాను, అనుకుంది. నిజంగానే అనుకుంది. అప్పటికి షామియానా సంగతి మాట్లాడటానికి మందిరం పెద్దలు వచ్చారు. వచ్చినవాళ్ళకు బజ్జీలు, టీ. తన ఫోను ముందుగదిలో చార్జింగులో ఉంది. ఆ గది నిండా మగవాళ్ళు. ఈ వాయి తీసి పోతాను, అనుకుంది. ఆ వాయి తీసేటప్పటికి ఇంకో ఇద్దరు వచ్చారు. మళ్ళీ పిండి కలిపింది. ఫోను మోగింది. సమాధానం గారు ఎత్తడం, "ఆఁ రేవతమ్మా, ఆమె పనిలో ఉండాది. అంతా సరే, పంపించెయ్," అనడం ఆమెకు వంటింట్లోకి స్పష్టంగా వినపడింది. నూనెలో బజ్జీలు ఎర్రబడుతున్నాయి. రెండు అడుగులు వేస్తే గది. చేతులకు మణికట్టుదాకా పిండి. ఆమె బజ్జీలు తిరగేసింది.

పండగ రోజు మందిరం ముందు ఇసకలో షామియానా వేశారు. వేదిక మీద పెద్దలకు పూలగుడ్డ కప్పిన కుర్చీలు, కింద మగవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన ఆడవాళ్ళకు చాపలు. తెల్లవారినప్పటినుంచి సామ్రాజ్యం బిర్యానీకి ఉల్లిపాయలు కోసే ఆడవాళ్ళతో ఉంది. గ్రంథకర్త్రి గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాము అని మైకులో చెప్పినప్పుడు ఆ మాట తనను గురించి అని ఆమెకు వెంటనే తట్టలేదు. పక్కనామె మోచేత్తో పొడిచి, "నిన్నేనక్కా, పో," అంది. కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఎక్కింది. సమాధానం గారు పుస్తకం చేతికిచ్చి, పేజీ తీసి మరీ ఇచ్చాడు.

చదివింది. తెప్ప, రాయి, పరుగు, గుంజ, అన్నీ ఆమె రాసినవే. పెద్దయ్యగారు వాకిట్లో నిలబడ్డచోట చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆ వాక్యం వచ్చింది. సామ్రాజ్యం ఆగింది. పుస్తకం మూసింది. "మా అమ్మ తియ్యలేదు," అంది మైకులో. "సబ్బు రాసి తీసినారు. చిప్ప నేను పట్టుకొనుండా." వేదిక మీద కుర్చీలు కిర్రుమన్నాయి. చాపల మీదినుంచి ఒక ఆడమనిషి లేచి, "మా అత్తది ముక్కుపుడక," అంది. ఇంకొకామె లేచి, "నాది కూడా," అంది. అట్లా ఒకరి వెనక ఒకరు లేచి, ఎవరు ఏం తీసి ఇచ్చారో, ఎవరి దగ్గర ఏం తీశారో చెప్పారు. గిన్నెల మీద మూతలు తీసేవాళ్ళు లేక బిర్యానీ చల్లారిపోయింది. సమాధానం గారు తల వంచుకుని విన్నాడు.

ఇంతదూరం తీసుకొచ్చి దాచడం దేనికి. నేను అల్లింది ఒకటి ఉంది. ఆమె ఆగిందన్నది.

ఆగలేదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు, ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకుంటూ, చివరిదాకా చదివింది. జనం ఆమెన్ అన్నారు. సమాధానం గారు కళ్ళు తుడుచుకున్నాడు, ఆ కన్నీళ్ళలో అబద్ధం లేదు. ఆమె దిగి వెనకవైపుకు పోయి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. బిర్యానీ వేడిగానే వడ్డించారు. కొడవలూరు నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె పళ్ళెం పట్టుకుని ఆమె పక్కకు వచ్చి, "మీ అమ్మని కళ్ళ ముందర నిలబెట్టినావు తల్లీ. తనే తీసి పెట్టేసిందంటే ఎంత విశ్వాసం," అంది. సామ్రాజ్యం సరేనని తల ఊపింది. ఊపి, కళ్ళు మూసుకుని చూసింది. ఒడ్డు కనపడింది. ఇసకలో అమ్మ కనపడింది. అమ్మ నవ్వుతూ తన గాజులు తనే ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంటోంది. ఆ పక్కన చిప్ప పట్టుకుని నిలబడి ఉండాల్సిన పిల్ల కోసం వెతికింది. కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి వెతికింది. ఆ పిల్ల అక్కడ లేదు.